రేడియేటర్ల టీచరమ్మ

యాంజ్మా దగ్గర రేడియేటర్ కొనడం పిల్లనడగడానికి వెళ్ళినంత పని అని ఉలాన్‌బాతర్ బండ్ల సామాన్ల బజారులో అందరూ అంటారు. డబ్బు చేతిలో పట్టుకుని వెళితే చాలదు. ఎక్కడివాడివి, ఏ దారిన పోతావు, బండిలో ఎవరెక్కుతారు, ఏ బావి నీళ్ళు పోస్తావు, అన్నీ చెప్పాలి. నచ్చితే ఇస్తుంది. నచ్చకపోతే టీ పోసి పంపిస్తుంది.

ఆమె కొట్టు ఓడల మీద సరుకు తెచ్చే ఇనప పెట్టె. దానికి నీలం రంగు వేయించింది. లోపల రెండు వైపులా రేడియేటర్లు, చలికాలానికి ఎండబెట్టిన మాంసం ముక్కల్లా వరసగా వేలాడుతుంటాయి. మధ్యలో పాత ఇనప స్నానపు తొట్టి, దాని నిండా నీళ్ళు. పెట్టె చివరి గోడకు బడిపిల్లల దేశపటం. రంగులు వెలిసిపోయాయిగాని కొండల గోధుమరంగు ఇంకా నిలిచి ఉంది. ఆ గోధుమరంగు మీద ఎక్కడ చూసినా గుండుసూదులే.

అక్టోబరు మొదటి వారంలో ఒక పొద్దున చింజోరిగ్ ఆ పెట్టె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళ పశువుల కాపరి. చంకలో గొర్రెతోలు చుట్టిన మూట. పడమటి జిల్లా నుంచి పదకొండు గంటలు బస్సులో ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. చిన్నాన్న ఇంట్లో పడుకున్నాడేగాని కన్ను మూతపడలేదు. సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సు. అది తప్పితే మళ్ళీ మూడు రోజులకుగాని లేదు.

మూడు రోజులు ఆగడానికి అతనికి లేదు. భార్య నందిన్‌కి నెలలు నిండుతున్నాయి. నర్సు చెప్పిన లెక్క ప్రకారం ఇంకా పంతొమ్మిది రోజులు, కాని తొలి కాన్పు లెక్క వింటుందా? వాళ్ళ గుడారం నుంచి ఆసుపత్రి ఉన్న ఊరికి తొంభై కిలోమీటర్లు, మధ్యలో సాల్ఖిత్ కనుమ. ఆగస్టు నుంచి పికప్ ఆ కనుమ సగం ఎక్కేసరికి సలసల కాగిపోతోంది. కిందటి వారం ఆగిపోయింది కూడా. ఊళ్ళో మెకానిక్ మూత తీసి చూసి, "రేడియేటర్ పోయింది. నాసిరకం సరుకు. సిటీకెళ్ళి కొత్తది తెచ్చుకో," అని తేల్చేశాడు.

"టీచరమ్మా, మా పికప్‌కి రేడియేటర్ కావాలండీ."

"పాతది తెచ్చావా?"

"తెచ్చానండీ. కొలతకని."

"కొలతకి టేపుంది నా దగ్గర. చచ్చినదాన్ని చూడందే బతికినదాన్ని ఇవ్వను. లోపలికి రా, తలుపు వేసెయ్, చలి."

ఎదురు కొట్టులోంచి లావుపాటి గొంతు వినిపించింది. అది లోదోయ్‌ది. అతనూ రేడియేటర్లే అమ్ముతాడు. పదిహేనేళ్ళుగా ఎదురుబొదురుగా కూర్చుని ఇద్దరూ ఒకరినొకరు ఆడిపోసుకుంటారు, మధ్యాహ్నం ఒకే గిన్నెలో తింటారు.

"ఒరే తమ్ముడూ! హోంవర్క్ చేసుకొచ్చావా లేదా? ఇటు రా, నా దగ్గర ప్రశ్నల్లేవు, సరుకే ఉంది!"

యాంజ్మా తల తిప్పకుండానే అంది. "నీ సరుకు కొన్నవాళ్ళు తిరిగొచ్చి అడిగే ప్రశ్నలకి నీ దగ్గర జవాబుల్లేవు లోదోయ్. అదీ చెప్పు పాపం కుర్రాడికి."

"విన్నావా? ఇంకా క్లాసు మొదలవలేదు, అప్పుడే బెత్తం తీసింది!"

చింజోరిగ్ నవ్వలేకపోయాడు. అతని కళ్ళు గోడమీద గడియారం వైపే పోతున్నాయి. పది దాటింది.

యాంజ్మాకి అరవై మూడేళ్ళు. బక్క మనిషి. వేళ్ళ కొసలు టంకం సెగకు నల్లబడ్డాయి. ముక్కు మీద కళ్ళజోడు ఒకటి, నెత్తి మీద మరొకటి. ఒకప్పుడు దూరపు ఊళ్ళో బడిపిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. తొంభైల మొదట్లో జీతాలు ఆగిపోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు కుట్టిన తోలుకోట్లు భుజాన వేసుకుని, రైలెక్కి సరిహద్దు దాటి అమ్మింది. ఒకసారి కోట్లకు బదులు రెండు రేడియేటర్లు ఇచ్చారు. వాటిని ఈ బజారులో దుప్పటి పరిచి దానిమీద పెట్టుకుని జనవరి నెలంతా కూర్చుంది. చివరికి ఒక డ్రైవరు వచ్చి, ఒక్క మాటైనా అడక్కుండా ఒకటి పట్టుకెళ్ళాడు. మూడు వారాలకు అతని తమ్ముడు వచ్చాడు. ఆ రేడియేటర్‌లో సూదిబెజ్జం ఉందట. లారీ కనుమ మీద ఆగిపోయి, డ్రైవరు కాలివేళ్ళు మంచుకు పోయాయట. తమ్ముడు తిట్టలేదు, డబ్బడగలేదు. "మీకు తెలిస్తే బాగుంటుందని చెప్పడానికొచ్చాను," అని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే యాంజ్మా ఎక్కడినుంచో ఈ తొట్టి తెచ్చి పెట్టుకుంది. అప్పటినుంచి కొత్తదైనా పాతదైనా, నీళ్ళలో ముంచి, గాలి కొట్టి, బుడగ చూడకుండా ఒక్క రేడియేటరూ ఆ పెట్టె దాటలేదు. ఈ కథ ఆమె ఎవరికీ చెప్పదు. లోదోయ్ చెబుతాడు, ఆమె లేనప్పుడు, గొంతు తగ్గించి.

చింజోరిగ్ మూట విప్పాడు. రేడియేటర్‌తోపాటు ఒక గుడ్డ సంచీ కూడా బయటపడింది. "మా అమ్మ ఇచ్చిందండీ. ఎండబెట్టిన పెరుగు బిళ్ళలు. వట్టి చేతుల్తో వెళ్ళకు అంది."

"మంచి అమ్మ." ఒక బిళ్ళ దవడన పెట్టుకుని యాంజ్మా పని మొదలుపెట్టింది. "ఏ కనుమ మీది?"

"సాల్ఖిత్ అండీ."

"ఎక్కేటప్పుడు గాలి ఎటునుంచి?"

అతను కాస్త ఆలోచించాడు. "వెనకనుంచి. మాకు పడమటి గాలి."

"చూశావా! ఎత్తు ఒక్కటే చూసుకుంటారు అందరూ. వెనక గాలైతే బండి ముందుకెళ్తుంటే గాలి కూడా దాంతోనే పోతుంది, లోపలికి దూరదు. ఎదురు గాలికన్నా అదే చెడ్డది. సరే, బండిలో ఎవరెక్కుతారు?"

అతను జవాబు చెప్పడానికి కాస్త తటపటాయించాడు. పుట్టని బిడ్డ గురించి పరాయివాళ్ళ దగ్గర పెద్దగా మాట్లాడరు. "మా ఆవిడండీ. ఇంకో మూడు వారాల్లో... తొలి కాన్పు."

యాంజ్మా దవడ ఆడటం ఆగిపోయింది. నెత్తి మీది కళ్ళజోడు కూడా ముక్కు మీదికి లాక్కుంది.

రేడియేటర్‌ను నిలబెట్టి, వెనక బల్బు పట్టుకుంది. "ఇటు నిలబడి చూడు. ఏం కనిపిస్తోంది?"

"ఏమీ కనబడట్లేదండీ."

"కనబడాలిగా? ఈ రేకుల సందుల్లోంచి నక్షత్రాల్లా వెలుతురు రావాలి. ఇది గోడలా ఉంది." సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో గీకింది. గోధుమరంగు పెచ్చు ఒకటి ఊడి అరచేతిలో పడింది. అందులో మేక బొచ్చు పోగులు, దుమ్ము, ఇంకేదో తెల్లటిది. దాన్ని నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు రెండు చుక్కలు పోసి మళ్ళీ వాసన చూసింది. దవడన ఉన్న పెరుగు బిళ్ళను నాలుకతో ఇటునుంచి అటు తిప్పింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"నాయనా, మీ అమ్మ బండి బయల్దేరేటప్పుడు పాలు చల్లుతుందా?"

"అందరూ చల్లుతారుగదండీ."

"అందరూ చక్రాలకి చల్లుతారు, లేదా వెళ్ళేవాళ్ళ వెనక చల్లుతారు. మీ అమ్మ ఎక్కడ చల్లుతుంది?"

 చింజోరిగ్ కళ్ళ ముందు అమ్మ కదిలింది. పొద్దున్నే పితికిన మొదటి పాలు, చెక్క గరిటె, బండి ముందు నిలబడి, పందెం గెలిచిన గుర్రానికి నుదుట పాలు పోసినట్టు జాలీ మీద ఒకటి, రెండు, మూడు... ఒక్కోసారి చెంబెడు. ఏడేళ్ళు. అతను ఉప్పుకి వెళ్ళినా, ఊరికి వెళ్ళినా, తప్పిపోయిన ఆవును వెతకడానికి వెళ్ళినా సరే.

"ముందు," అన్నాడు నీరసంగా. "మొహం మీద."

"ఆ పాలు తడిగా ఉండగా మీ దారి దుమ్ము పడుతుంది. వసంతంలో మేకల బొచ్చు దువ్వుతారుగా, అదొచ్చి అంటుకుంటుంది. ఇంజిను వేడికి కాలుతుంది. మళ్ళీ పాలు. ఇటుక చేసినట్టే. రేడియేటర్ పని నీళ్ళు దాచుకోవడం కాదయ్యా, వేడిని తీసుకెళ్ళి గాలికి అప్పగించడం. తీసుకునే గాలే రాకపోతే అదేం చేస్తుంది? కాగీ కాగీ ఇదిగో, దీని పక్కనుండే ఈ ప్లాస్టిక్ నీళ్ళడబ్బా అతుకు దగ్గర పగిలింది. సరుకు మంచిదే. ఏడేళ్ళు ఓర్చుకుంది."

తలుపు సందులోంచి లోదోయ్ తొంగి చూశాడు. "ఏంటి టీచరమ్మా, నవ్వుతున్నావు? కుర్రాడు పాసయ్యాడా?"

"దీవెనలెక్కువై చచ్చింది లోదోయ్! ముప్పై ఏళ్ళలో తుప్పుతో చచ్చింది చూశా, మంచుతో చచ్చింది చూశా, దీవెనతో చచ్చింది ఇదే చూడ్డం."

"నా రేడియేటర్లకి అందరూ తిట్లే పెడతారు. ఇవాళ తెలిసింది, తిట్లే మేలు!"

ఈసారి చింజోరిగ్‌కి కూడా నవ్వొచ్చింది. "సరే టీచరమ్మా. ఇది ఎలాగూ పగిలింది. కొత్తది ఇవ్వండి."

"ఇస్తా. ఇచ్చాక మీ అమ్మ ఏం చేస్తుంది?"

అతను నేల చూశాడు. ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది. నందిన్ బండెక్కే పొద్దున అమ్మ చెంబు కాదు, బిందె తెస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు.

"ముందు ఇంటికి ఫోన్ చెయ్యి. మీ అమ్మకి చెప్పు. ఆ తర్వాత రేడియేటర్."

"నేను చెప్పలేనండీ." మెల్లిగా అన్నాడు. "నాకన్నా ముందు ఒక అన్న పుట్టాలి. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే లారీ ఆ కనుమ మీదే ఆగిపోయిందట. రోజంతా... బిడ్డ దక్కలేదు. ఆ రోజు తొందరలో పాలు చల్లకుండా బయల్దేరారట. అందుకే అమ్మ... మరి నీ పాల వల్లే బండి ఆగిందని ఏ నోటితో చెప్పను?"

 యాంజ్మా పొయ్యి మీది టీ రెండు గిన్నెల్లో పోసి, ఒకటి కుడిచేత్తో అతనికి అందించింది. "తాగు. నంబర్ చెప్పు."

గుడారం కప్పుకి కట్టిన యాంటెనా వల్ల ఫోను మొదటిసారికే కలిసింది. అమ్మ దోల్గోర్ గొంతు పెట్టె అంతా వినిపించింది, గుట్ట అవతలి మనిషిని పిలుస్తున్నట్టు.

"ఎవరూ? ఒరే చింజో, నువ్వేనా? తిన్నావా?"

"చెల్లీ, నేను సిటీలో రేడియేటర్లు అమ్మే యాంజ్మాని. మీ పెరుగు బిళ్ళలు తింటున్నా. పళ్ళు ఊడేంత గట్టిగా ఉన్నాయి, భలే ఉన్నాయి."

"అయ్యో అక్కా, టీలో నానబెట్టుకోవాలి! మావాడు చెప్పలేదా? వాడికి నోరెక్కడుంది! మీ పశువులు బాగున్నాయా?"

"నా పశువులన్నీ గోడకి వేలాడుతున్నాయి. బాగానే ఉన్నాయి. మీవి కొవ్వు పట్టాయా?"

"పర్లేదక్కా, ఈ ఏడు గడ్డి బాగానే ఉంది."

చింజోరిగ్ గడియారం చూశాడు. పదకొండున్నర. ఇద్దరూ గడ్డి గురించి, మొదటి మంచు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి తాపీగా మాట్లాడుకుంటున్నారు. 

"చెల్లీ, ఒక మాట అడుగుతా," అంది యాంజ్మా, అదే గొంతుతో. "గడ్డు చలికాలంలో గుర్రం మీద పోతున్నామనుకో. దాని ముక్కులో మంచు గడ్డ కడితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తారక్కా, దిగి చేత్తో తీస్తాను. తియ్యకపోతే ఊపిరాడక పడిపోతుందిగా."

"మరి నీ పికప్‌కి ముక్కెక్కడుందో తెలుసా?"

అవతల కుక్క మొరుగుడు వినిపించింది. "దానికి ముక్కేంటక్కా?"

"దానికీ ఊపిరి ఉంది. లోపల నిప్పు మండుతుంటే బయటి గాలి పీల్చుకోకపోతే ఎలా? ముందున్న ఆ జాలీయే దాని ముక్కు. నుదురనుకుని నువ్వు పాలు పోస్తున్నావు. నుదురు కాదు తల్లీ, అది ముక్కు. పాలు గడ్డకట్టింది. నీ కొడుకు పదకొండు గంటలు ఆ గడ్డని ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చాడు."

 చింజోరిగ్ గిన్నె కింద పెట్టాడు.

చివరికి దోల్గోర్ అంది. ఈసారి గొంతు చాలా చిన్నదైపోయింది. "నేనే దాని ముక్కు మూశానా అక్కా?"

"నువ్వు పోసినవి మంచి పాలు. వాటి తప్పేం లేదు. చోటు మారిస్తే చాలు. గుర్రమెక్కేవాడికి ఎక్కడ చల్లుతావు?"

"కాలు పెట్టే రికాబు మీద. డెక్కల దగ్గర."

"అంతే. అడుగు పెట్టి ఎక్కే చోట పొయ్యి, చక్రాలకి పొయ్యి, వెళ్ళాక వెనక నిలబడి ఆకాశానికి ఎంత చల్లుతావో చల్లు. నేనొద్దనను. నా కోడలు కాన్పుకెళ్ళినప్పుడు నేనూ చల్లా, ఫిజిక్స్ టీచర్ని. ముక్కు ఒక్కటి వదిలెయ్."

"వదిలేస్తానక్కా," అంది దోల్గోర్. వెంటనే పాత గొంతు తిరిగొచ్చింది. "ఒరే చింజో! అక్కడే ఉన్నావుగా? ఏడేళ్ళుగా చూస్తూ ఒక్క మాట చెప్పలేదేంట్రా? బండి తోలేది నువ్వా, నేనా?"

ఫోను పెట్టేశాక యాంజ్మా లేచి, చేతులు తుడుచుకుంది. "ఇప్పుడు రేడియేటర్ చూద్దాం."

వచ్చేపోయే బేరాలు చూసుకుంటూనే, టేపు పట్టుకుని రెండు గంటలు వెతికి, కొలతకి సరిపోయేవి రెండు దింపింది. ఒకటి మెరిసిపోతున్న కొత్త అల్యూమినియం. రెండోది పాతది, రాగిది, బరువైంది, చూడ్డానికి నల్లగా, అతుకులతో ఉంది. చింజోరిగ్ చెయ్యి కొత్తదాని మీదికే పోయింది.

"మీ వైపు టంకం వేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"దమ్‌దిన్ తాత ఉన్నాడండీ. టీ కాచే సమోవార్లకి, పాల బిందెలకి వేస్తాడు."

"అయితే ఆ మెరిసేదాన్ని వదులు. అదీ మంచిదే, కాని పగిలితే మళ్ళీ ఈ పదకొండు గంటలే. రాగిదైతే మీ తాత సమోవార్‌కి వేసినట్టే వేసేస్తాడు. వేడిని గాలికి అప్పగించడంలో కూడా రాగే చురుకు. అమ్మితే నాకు కొత్తదాని మీదే ఎక్కువ మిగులుతుంది, లోదోయ్‌ని అడుగు."

"నిజమే తమ్ముడూ!" లోదోయ్ అరిచాడు. "అందుకే నాది రెండు పెట్టెల కొట్టు, ఆవిడది ఒకటే!"

రాగిదాన్ని తొట్టిలో ముంచి, సైకిలు పంపుతో గాలి కొట్టింది. నీళ్ళు కదలడం ఆగాయి. ఇద్దరూ తొట్టి మీదికి వంగారు.  ఏమీ లేదు. ఏమీ లేదు. అతను లేవబోతుండగా, కుడి మూలనుంచి ఆవగింజంత బుడగ ఒకటి పైకి వచ్చి పగిలింది.

"చిన్నదేగదండీ," అన్నాడు ఆశగా. రెండున్నరయింది. బస్టాండు ఊరికి ఆ చివర.

"చిన్నదే." ఆమె అప్పటికే దాన్ని పైకి తీసి తుడుస్తోంది. ఆమె మొహంలో నవ్వు పోయింది. "సూదిబెజ్జమంత."

 ఆమె ఆ మూలను గీకి, ఆమ్లం రాసి, టంకం కరిగించింది.  మళ్ళీ ముంచింది. మళ్ళీ ఇద్దరూ వంగారు. ఈసారి ఆమె గడియారం చూసి పూర్తిగా పది నిమిషాలు కదలకుండా కూర్చుంది. బుడగ రాలేదు. తీసి, తిప్పి, మరో వైపు ముంచి, ఇంకో పది నిమిషాలు. అతనికి అరవాలనిపించింది. కాని నీళ్ళ వైపు చూస్తున్న ఆ ముసలి మొహాన్ని చూస్తే అరుపు రాలేదు. తన భార్య ఎక్కబోయే కొండను తనకంటే ముందు ఇంకొకరు, ఈ తొట్టిలో, అంగుళం అంగుళం ఎక్కుతున్నట్టు అనిపించింది.

అంతా అయ్యేసరికి మూడుంబావు. డబ్బు తీసుకుంది. చలికి గడ్డకట్టని ద్రవం డబ్బాలు రెండు ఇచ్చి, "బావి నీళ్ళు ఒక్క చుక్క కూడా పొయ్యకు, ఉప్పు," అంది. రాగి రేడియేటర్‌ను గొర్రెతోలులో చుట్టింది. పాతదాన్ని తన దగ్గరే ఉంచుకుని, దాని మూత విప్పి అతని జేబులో వేసింది. పశువును అమ్మేటప్పుడు జూలులోంచి రెండు వెంట్రుకలు ఉంచుకుంటారు కదా, ఇంటి భాగ్యం వెళ్ళిపోకుండా. అలాంటిదే.

"బస్సు అందదండీ," అన్నాడు చింజోరిగ్. 

ఆమె ఫోన్ తీసింది. "ఒరే దాష్న్యామ్, నేను టీచర్ని. నాలుగింటి బండి నీదేగా? మావాడొకడు వస్తున్నాడు, గొర్రెతోలు మూటతో. ఆగు... టైము సంగతి నాకు చెప్పకు. నీ బస్సుకి ఊపిరి పోసిందెవరు? ఆ, అదీ. ఇరవై నిమిషాలు ఆగు. ప్రయాణికులు తిడితే నా పేరు చెప్పు." ఫోను పెట్టేసి, "తొమ్మిదో తరగతిలో రెండుసార్లు తప్పాడు వెధవ. తోలడం మాత్రం బాగా తోలతాడు," అంది.

లోదోయ్ అప్పటికే తన బండి బయటికి తీశాడు. "ఎక్కు తమ్ముడూ. ఆవిడ బేరాలకి నేను డ్రైవర్ని, ఇదీ నా బతుకు."

చింజోరిగ్ ఎక్కబోతుంటే యాంజ్మా వెనకనుంచి పిలిచింది. "కనుమ దాటాక ఒక్క ఫోన్ చెయ్యి. దాటాకే. నువ్వు చేసేదాకా నీ సూది నా కోటుకే ఉంటుంది, పటం ఎక్కదు."

చూస్తే ఆమె కోటు కాలరుకి నాలుగు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. ఆమె అయిదోది గుచ్చుకుంది.

*

నాలుగు రోజుల తర్వాత నందిన్ బండెక్కింది. అనుకున్నదానికంటే ముందే నడుం లాగుతోందంది. చింజోరిగ్ చేతులు స్టీరింగు మీద చల్లగా ఉన్నాయి.

దోల్గోర్ చెంబుతో, చెక్క గరిటెతో వచ్చింది. బండి చుట్టూ నడిచింది. నందిన్ అడుగు పెట్టిన చోట పాలు పోసింది. వెనక చక్రాలకు పోసింది. ముందు చక్రాలకు పోసింది. నడుచుకుంటూ ముందుకొచ్చి, ఏడేళ్ళుగా నిలబడే చోటే నిలబడింది. గరిటె పైకి లేచింది.

చింజోరిగ్ అద్దంలోంచి చూస్తున్నాడు.

గరిటె అలాగే ఆగింది. దోల్గోర్ దాన్ని చెంబులో పెట్టేసి, వంగి, పొడుగాటి కోటు చేతిని అరచేతిమీదికి లాక్కుని, జాలీని మెల్లగా తుడిచింది. చలికాలంలో గుర్రం ముక్కు తుడిచినట్టు, ఇటూ అటూ. తర్వాత ఏదో గొణిగింది, ఇంజిను చప్పుడులో వినబడలేదు. పక్కకు తప్పుకుంది.

సాల్ఖిత్ దగ్గర గాలి వెనకనుంచే వీస్తోంది. చింజోరిగ్ రెండో గేరులో ఎక్కుతూ దారికన్నా ఎక్కువగా వేడి ముల్లునే చూశాడు. పోయినసారి ఆగిన బండరాయి వచ్చింది. ముల్లు సగానికి కాస్త కింద ఉంది. బండరాయి వెనకబడింది. ముల్లు సగానికొచ్చింది. అక్కడ ఆగింది.

"ముల్లు చూడ్డం ఆపి దారి చూడవయ్యా," అంది నందిన్, పళ్ళ బిగువున. "నేను కనాల్సింది ఇక్కడ కాదు."

"చూస్తున్నాలే."

"ఏడుస్తున్నావా?"

"గాలికి."

"అద్దం వేసే ఉంది."

కనుమ మీద రాళ్ళ గుట్ట దగ్గర, కొండకు మొక్కుగా మూడుసార్లు హారన్ కొట్టి, అరనిమిషం ఆగాడు. అక్కడైతేనే ఫోను పలుకుతుంది. దిగి జాలీ ముందు చెయ్యి పెట్టి చూశాడు. ఇంజిను ఫ్యాను లాగుతుంటే చల్లటి గాలి అతని వేళ్ళ సందుల్లోంచి లోపలికి దూసుకుపోతోంది.

యాంజ్మా ఒక్క రింగుకే ఎత్తింది.

"ముల్లెక్కడుంది?"

"సగంలో ఆగిందండీ. కదల్లేదు."

"గాలి?"

"వెనకనుంచే."

"మీ అమ్మ?"

"ముక్కు తుడిచి పంపింది."

 అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఇనప పెట్టె నేల మీద నాలుగడుగులు, ఆ తర్వాత లోదోయ్ గొంతు దూరంనుంచి, "సాల్ఖితేనా? ఎక్కారా?" అనడం.

"ఎక్కారు," అంది యాంజ్మా, లోదోయ్‌తో. ఫోనులో గొంతు పెంచింది. "ఇంకా అక్కడ నిలబడి నాతో మాటలేంటి నాయనా? ఆ పిల్లని కిందికి దింపు!"

చింజోరిగ్ పరుగున వెళ్ళి బండెక్కాడు.